హైమ చేతి పూత

231వ పగలు, రెండో రోజు

ఈ రోజు మందు పూసిన బెలూన్లు: నావి నాలుగు, హైమవి ఆరు. రోగులకి వాడినవి: నావి ఒకటి, హైమవి ఐదు.

ఈ రెండో లెక్క రాయమని నాకెవరూ చెప్పలేదు. పూతబల్ల మీద ఆసుపత్రివాళ్ల పుస్తకం వేరే ఉంది. అందులో బెలూన్ నంబరు, మందు పాళ్లు, ఆరడానికి పట్టిన సమయం తప్ప మరేమీ రాయకూడదు. నా మనసులో మాటలకి అందులో చోటు లేదు కాబట్టి ఈ పుస్తకం తెరిచాను.

రాతిపాలెంలో బెలూన్ పూత మొదలుపెట్టింది నేను. గొప్పకి చెప్పడం లేదు. చీమకుర్తి, మార్టూరు, బల్లికురవ వైపు నుంచి చంద్రుడి మీద రాయి కొయ్యడానికి మొదటి ఓడలో వచ్చిన నూట నలభై మందిలో, కింద భూమ్మీద ఉండగా రక్తనాళాల బెలూన్లకి మందు పూసే ఫ్యాక్టరీలో పనిచేసినదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన మాలకొండయ్య కోతమిషను నడుపుతాడు. ఆయన వెంట వచ్చాను. మూడేళ్లు తిరిగేసరికి కోతగాళ్లకి కాళ్లు పట్టేయడం మొదలైంది. ఇక్కడి ధూళి కాల్చిన టపాకాయ వాసన వేస్తుంది. ఎన్ని తలుపులు బిగించుకున్నా లోపలికి వస్తుంది. ఊపిరిలోంచి రక్తంలోకి పోయి, కాళ్ల రక్తనాళాల గోడలని మందం చేస్తుంది. నాళం సన్నబడితే నడక పోతుంది. పూర్తిగా పూడితే వేళ్లు నల్లబడతాయి.

దానికి మా దగ్గరున్నది బెలూనే. గజ్జ దగ్గర సన్నటి గొట్టం దూర్చి, దాని కొసన ముడుచుకుని ఉన్న బెలూన్‌ని నాళం సన్నబడిన చోటికి తీసుకెళ్లి ఉబ్బిస్తారు. బెలూన్ ఒంటికి పూసిన మందు నాళం గోడకి అంటుకుంటుంది. రెండు నిమిషాలంతే. మళ్లీ ముడిచి బయటికి లాగేస్తారు. లోపల ఏ వస్తువూ ఉండిపోదు. అంటిన మందు మాత్రం నెలల తరబడి అక్కడే ఉండి నాళం తిరిగి పూడకుండా కాస్తుంది. పూసిన బెలూన్లనే కింద నుంచి తెప్పించుకుందామంటే ఓడ ఏడాదికొక్కసారి వస్తుంది, ప్యాకెట్లో పూత మూడు నెలలకి మించి నిలవదు. అందుకని ఉత్త బెలూన్లు దింపుకుని ఇక్కడే చేత్తో పూస్తాం. మందులో కలిపే యూరియా కూడా ఊరి మూత్రం వడగట్టే ట్యాంకుల్లోంచి తీసిందే. మా నాన్న పొగాకు చేలో చల్లిన యూరియా బస్తాలు తలుచుకుని మొదట్లో నవ్వుకునేదాన్ని.

హైమకి ఆ పని నేర్పిందీ నేనే. రెండో ఓడలో ఐదేళ్ల పిల్లగా వచ్చింది. ఇప్పుడు ఇరవై మూడు. రెండేళ్లు నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఇవాళ పొద్దున ఒక కోతగాడు బల్ల మీద పడుకోబోతూ, “హైమమ్మ పూసిందేనా సార్?” అని డాక్టరు గారిని అడిగాడు. నేను అక్కడే గొట్టాలు అందిస్తున్నాను. నా వంక చూడను కూడా చూడలేదు.

231వ పగలు, ఐదో రోజు

డాక్టరు మస్తాన్‌వలి గారు ఆరు నెలల జాబితా గోడకి అంటించారు. బెలూన్ వేసిన ఆరు నెలలకి, అంటే ఇక్కడ ఒక పగలూ రాత్రీ కలిస్తే నెల కాబట్టి ఆరు పగళ్లకి, కాలు స్కాన్ చేసి నాళం తెరిచి ఉందో పూడిందో చూస్తారు. పూసేది నేనొక్కదాన్నే అయినన్నాళ్లూ అందులో పూసినవాళ్ల పేరు ఉండేది కాదు. ఈసారి రెండు వరసలు వేశారు. ఒక్కొక్కరివి ముప్పై బెలూన్లు. నావి పదిహేడు తెరిచి ఉన్నాయి. హైమవి ఇరవై ఆరు.

“బాధపడొద్దు రత్నమ్మా,” అన్నారాయన. “కొత్త చెయ్యి కదా, శ్రద్ధ కాస్త ఎక్కువుంటుంది.”

“నాకు శ్రద్ధ లేదంటారా సార్?”

“అట్లా అన్లేదమ్మా.”

“ఆ పిల్లవన్నీ తేలిక కేసులకి వాడతన్నారు. తొడలో లావు నాళాలకి ఆమెవి, మోకాలి కింద సన్నవాటికి నావి. అట్టాంటప్పుడు ఎవరివి నిలుస్తయ్యి?”

ఆయన కళ్లజోడు తీసి ఏదో చెప్పబోయారు. ఇంతలో క్వారీ నుంచి కబురొచ్చింది, ఎవరి చెయ్యో మిషన్లో పడిందని. పరుగెత్తారు. ఆ తరవాత నేనూ అడగలేదు. నా అనుమానమే నిజమని నాకు నేనే తేల్చుకున్నాను.

హైమ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, “అత్తా, ఆ జాబితా తీసెయ్యమని సార్‌ని అడగనా?” అంది. ఆ మాట ఏ పొగరుతోనో అని ఉంటే ఎంత బాగుండేది! నిజంగా బాధపడి అంది. నేను “నాకేం పని లేదనుకున్నావా ఆ కాయితం చూసుకుంటా కూర్చోడానికి” అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ చిన్నబోయిన మొహం కాసేపు నాకు హాయిగా అనిపించింది. రాస్తున్నాను కాబట్టి ఉన్నదే రాయాలి.

231వ పగలు, ఎనిమిదో రోజు

ఒక పని చేశాను.

పూసి, ఆరబెట్టి, రెక్కలుగా మడిచి తొడుగు వేసిన బెలూన్లకి చీటీలు అంటించేది నేనే. పెద్దదాన్ని కదా. నావాటికి ‘ర’, హైమవాటికి ‘హై’. ఈ రోజు ఇరవై ప్యాకెట్ల మీద చీటీలు తారుమారు చేశాను. నావి పదింటికి ‘హై’ వేశాను. ఆమెవి పదింటికి ‘ర’ వేశాను.

ఎవరికీ కీడు చెయ్యడానికి కాదు. అవీ మంచి బెలూన్లే, ఇవీ మంచి బెలూన్లే. పేరు చూసి కేసులు పంచుతున్నారని తేలాలి, అంతే. ‘హై’ అని రాసి ఉన్నందుకే నా బెలూన్లు తేలిక కాళ్లకి వెళ్తాయి. వాటిలో తొమ్మిదో పదో నిలుస్తాయి. అప్పుడు చెప్తాను, అవి నా చేతివని. అప్పుడు అందరి మొహాలూ చూస్తాను.

చీటీలు అంటించి ఇరవై ప్యాకెట్లూ బీరువాలో సర్దేశాను.

233వ పగలు, మూడో రోజు

మాలకొండయ్య నడుస్తూ నడుస్తూ ఆగుతున్నాడు. సొరంగం బజారులో మా ఇంటి నుంచి నీళ్ల పంపు దాకా నూట డెబ్బై అడుగులు. ఇదివరకు ఏకబిగిన వెళ్లేవాడు. ఇప్పుడు మధ్యలో వంకాయల తొట్ల దగ్గర నిలబడి కాయలు చూస్తున్నట్టు నటిస్తాడు. ఎడమ పిక్క పట్టేస్తోందని నాకు తెలుసు. మూడేళ్ల కిందట ఆ కాలికి వేసింది నా బెలూనే.

“డాక్టరు గారికి చూపించుకుందాం రా,” అన్నాను.

“ఏం లేదులేవే. వయసు. నీ బెలూన్ ఉందిగా లోపల.”

“లోపలేం ఉండదయ్యా. తీసేస్తారు.”

“మందు ఉందిగా. నీ చేత్తో పూసింది యాడికి పోద్ది?”

ఆ నమ్మకం చూస్తే గర్వం రావాలి నాకు. గోడ మీది పదిహేడు గుర్తొచ్చింది.

236వ పగలు, ఆరో రోజు

క్రేను నడిపే బ్రహ్మయ్యకి కుడి కాలి వేళ్లు రెండు తీసేశారు. ఐదు పగళ్ల కిందట బెలూన్ వేశారు. మళ్లీ పూడిపోయింది. మనిషి మొండివాడు, నొప్పిని దాచుకుని క్రేనెక్కాడు. వచ్చేసరికి వేళ్లు నల్లగా ఉన్నాయి. ప్యాకెట్ మీద చీటీ ‘హై’.

ఆసుపత్రి వాకిట్లో చక్రాల కుర్చీలో కూర్చుని పదిమంది వింటుండగా హైమని తిట్టాడు. “చిన్నపిల్లల చేతికి ఇచ్చారు మా కాళ్లు! ఆడుకోడానికి ఇచ్చారు!” అన్నాడు. హైమ తలవంచుకుని నిలబడింది. బ్రహ్మయ్య ఆమెకి నాన్న వైపు చుట్టం. చిన్నాయనా అని పిలుస్తుంది.

నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. నంబరు చూశాను. తారుమారు చేసిన పదిలో ఒకటి.

వెళ్లి చెప్పాల్సింది. ఒక్కటే కదా, ఒక్కదానితో ఏం తేలుతుంది, మిగతావి రానీ అనుకున్నాను.

237వ పగలు, పదిహేనో రోజు

మిగతావి వచ్చాయి.

డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టీ తెప్పించారు. ఇక్కడ పాలపొడి టీ అంటే పండగ. “ఈ విడతలో మీ పేరున్నవి పదింటిలో తొమ్మిది తెరిచి ఉన్నాయి రత్నమ్మా. ఒక్క మరక లేదు నాళాల్లో. చెయ్యి తిరిగింది! ఏం మార్చారు?” అన్నారు.

“ఏం మార్చలా సార్.”

“హైమవి పదింటిలో నాలుగు పూడాయి. బ్రహ్మయ్యతో కలిపి. ఏమైందో ఆ పిల్లకి. పెళ్లి మాటలేమైనా నడుస్తున్నాయా ఇంట్లో? మనసు పని మీద లేదు. కొన్నాళ్లు పూత ఆపి గొట్టాలు ఉడకబెట్టే గదికి పంపుతున్నాను. ఆమె పేరున్న ప్యాకెట్లన్నీ కాల్చేయమన్నాను.”

టీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పొగడ్తలన్నీ నాకే. ఆరేళ్లుగా ఆయన నోట అంత మంచి మాట వినలేదు. ఆ ఒక్కో మాటా హైమ చేతి గురించి. ‘ఒక్క మరక లేదు’ అన్నది ఆమె పూతకి. ‘మనసు పని మీద లేదు’ అన్నది నాకు.

నేను అడిగిన పరీక్షే జరిగింది. ఫలితం నాకొక్కదానికే తెలుసు.

బయటికొస్తే ఇద్దరు కోతగాళ్ల భార్యలు ఎదురుపడి, “అనుభవం అనుభవమే రత్నమ్మక్కా” అన్నారు. నవ్వాను. ఉడకబెట్టే గది తలుపు సందులోంచి హైమ వీపు కనబడింది. ఆవిరిలో నిలబడి గొట్టాలు లెక్కపెడుతోంది. జాలి వేయలేదు నాకు. ముందు వచ్చింది కోపం. గొట్టాలు లెక్కపెట్టేచోట నిలబడి కూడా నన్ను ఓడించింది అనిపించింది.

238వ పగలు, ఐదో రోజు

మాలకొండయ్య బొటనవేలు నీలంగా ఉంది. పొద్దున మేజోడు విప్పుతుంటే చూశాను. పాదం ముట్టుకుంటే రాయిలాగా చల్లగా ఉంది. ఇక అడగలేదు, బండి తెప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు గారు స్కాన్ చేసి, “మోకాలి కింద పూర్తిగా పూడింది. ఈ రోజే వెయ్యాలి. రేపటికి వేలు దక్కదు. ఎల్లుండికి పాదం చెప్పలేను,” అన్నారు. తరవాత నవ్వు మొహంతో, “భయం లేదు. మీ కొత్త విడతలోది తీసుకురండి,” అన్నారు.

“నా పెళ్లాం చేతిది ఉండగా నాకేం సార్,” అన్నాడు మాలకొండయ్య.

బీరువా తెరిచాను. ‘ర’ అని రాసినవి పద్నాలుగు ఉన్నాయి. అన్నీ నిజంగా నావే. అందులో ఒకటి తీసి చేతిలో పెట్టుకున్నాను. దీనిది పదిహేడు బై ముప్పై. ఆ లెక్క నాకంటే బాగా ఎవరికీ తెలియదు. పరాయివాళ్ల కాళ్ల విషయంలో ఆరు పగళ్లు నిద్రపోయిన భయం అప్పుడు లేచింది.

హైమది ఒక్కటి మిగిలి ఉన్నా ఏం చేసి ఉండేదాన్నో కూడా రాస్తాను. దాని మీద ‘ర’ అంటించి లోపలికి పట్టుకెళ్లేదాన్ని. ఆయన కాలు బాగుపడేది, నా పేరు నిలిచేది. బీరువా అడుగుదాకా వెతికాను. ఒక్కటీ లేదు, అన్నీ కాల్చేశారు.

ఉడకబెట్టే గదికి వెళ్లాను.

“హైమా, ఒక్క బెలూన్ పూసిపెట్టు. మీ మావకి. ఇప్పుడే కావాలి.”

ఆమె గొట్టాల పళ్లెం కింద పెట్టలేదు. “నావి పనికిరావుగా అత్తా. మీరే వెయ్యండి.”

“నీదే కావాలి.”

“ఎందుకు?”

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. నా చెయ్యి బెణికిందనో, కళ్లు మసకగా ఉన్నాయనో. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహంలోకే చూస్తోంది, కళ్ల కింద నల్లచారలు, ఆవిరికి తడిసి అంటుకుపోయిన జుట్టు. ఆ చూపులో నన్ను తప్పుపట్టడం లేదు. తన తప్పేంటో ఇంకా వెతుక్కుంటోంది.

“చీటీలు మార్చాను,” అన్నాను. “మొన్నటి విడతలో. నీవి నావని, నావి నీవని.”

పళ్లెం కింద పెట్టింది.

“ఎన్ని?”

“ఇరవై.”

“చిన్నాయనకి వేసింది?”

“నాది.”

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె చేతితొడుగులు విప్పి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, నన్ను దాటుకుని పూతబల్ల దగ్గరికి వెళ్లింది. ఇరవై రోజుల తరవాత కూర్చోవడం. అద్దాల గూటిలోకి చేతులు పెట్టి, మందు కలిపి, బెలూన్ ఒంటి మీద చుక్క తరవాత చుక్క వేసింది. నన్ను వెనక్కి వెళ్లి నిలబడమంది. ఆమె వీపు తప్ప నాకేమీ కనబడలేదు. ఆరబెట్టి, మడిచి, తొడుగు వేసేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ మాలకొండయ్య పాదం ఎంత చల్లబడుతుందోనని లోపల్లోపల చస్తున్నాను. అయినా ఒక పక్క ఆమె భుజాలు కదలకుండా ఉన్న తీరు చూసి కడుపు మండుతూనే ఉంది. ఆ రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. ఉన్నాయి.

ప్యాకెట్ నా చేతికి ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుంది.

“సార్‌కి మీరే చెప్పండి, కోటిరత్నం గారూ. నేను చెప్పను. మీరు చెప్పినాక ఇది ఇస్తా.”

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రత్నత్తా అనడమే తప్ప పూర్తి పేరు పెట్టి పిలవలేదు నన్ను.

లోపల మాలకొండయ్య బల్ల మీద పడుకుని ఉన్నాడు. గజ్జ దగ్గర మత్తుమందు ఇచ్చారు, మనిషి మెలకువగానే ఉన్నాడు. ఆయన వినకుండా డాక్టరు గారిని బయటికి పిలవొచ్చు. హైమ గుమ్మంలో నిలబడి ఉంది. అక్కడే చెప్పాను. మూడు ముక్కల్లో అయిపోయింది.

డాక్టరు గారు చేతిలో ఉన్న తీగ పళ్లెంలో పెట్టేశారు. “తేలిక కేసులకి హైమవి వాడుతున్నానని అన్నారు కదూ మీరు ఆ రోజు,” అన్నారు. “చెప్పబోయి వెళ్లిపోయాను. తిరగేసి చెప్పారమ్మా. ఏడాదిగా కష్టమైన కాళ్లకే ఆమెవి వాడుతున్నాను. బ్రహ్మయ్యది అన్నింటికంటే కష్టమైన కాలు. అందుకే ఆమెది ఎంచి తీశాను.”

హైమ వైపు ఒకసారి చూసి మళ్లీ నాతో అన్నారు.

“ఏది ఎవరు పూసిందో తెలియకుండా వేసి చూడాలని నాకూ ఉండేది. నేనైతే రోగులని అడిగి చేసేవాణ్ణి. మీరు ఎవర్నీ అడగలేదు.”

“నువ్వా, రత్నం?” అన్నాడు మాలకొండయ్య. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

హైమ ప్యాకెట్ తీసుకొచ్చి డాక్టరు గారి చేతికిచ్చింది. ముందు ఉత్త బెలూన్‌తో దారి చేశారు. తరవాత హైమది లోపలికి వెళ్లింది. ఉబ్బించి గడియారం చూశారు. నేను పాదం పట్టుకుని ఉన్నాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు. రెండు నిమిషాలు. బెలూన్ బయటికి తీశాక మొదట ఏమీ తెలియలేదు. మెల్లగా నా అరచేతిలో మడమ వెచ్చబడింది. తరవాత అరికాలు. తరవాత ఆ నీలం వేలు. గోరు కింద ఎరుపు పాకడం కళ్లతో చూశాను.

“వెచ్చగుందయ్యా,” అన్నాను. ఆయన మొహం గోడవైపే ఉంది.

239వ పగలు, ఒకటో రోజు

పంచాయతీలో చెప్పుకున్నాను. పూతబల్ల దగ్గరికి నేను వెళ్లకూడదన్నారు. ఆసుపత్రి నేల తుడిచే పని ఇచ్చారు. తారుమారైన బెలూన్లు వేయించుకున్న ఇరవై మందికీ ఇంటింటికీ వెళ్లి నా నోటితో నేనే చెప్పాలన్నారు. కొంతమంది తలుపు వేసుకున్నారు. ఒకావిడ నీళ్లిచ్చి, విని, గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ రాలేదు.

బ్రహ్మయ్య దగ్గరికి ఆఖరున వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని బూటులో దూది కుక్కుకుంటున్నాడు, ఖాళీ అయిన వేళ్ల చోట. అంతా విన్నాడు.

“వేళ్లు సరేలే. నొప్పి దాచుకుని క్రేనెక్కింది నేను. అందులో నా పాపమూ ఉంది,” అన్నాడు. “కానీ నేను ఆ పిల్లని నలుగురిలో తిట్టానే. మా అన్న బిడ్డని. తప్పు చెయ్యని పిల్లని. ఆ మాటలు ఎట్టా తీసుకునేది వెనక్కి? అది చెప్పు ముందు.”

బూటు తొడుక్కుని, “నా చెయ్యి పట్టుకో, లేవాలి,” అన్నాడు. హైమ ఇంటిదాకా నన్ను ఆనుకుని నడిచాడు. నన్ను బయటే ఆగమన్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వచ్చేటప్పుడు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

మాలకొండయ్య ఇంట్లో తింటాడు, అడిగినదానికి పలుకుతాడు. తనంతట తను మాట్లాడడు. వంకాయల తొట్ల దగ్గర ఆగకుండా నడుస్తున్నాడు. దారిలో హైమ కనబడితే నిలబడి నమస్కారం పెడతాడు. నేను వెనక నుంచి చూస్తాను. ఆయన కాలు దక్కినందుకు సంతోషం నిజంగానే ఉంది. ఆ నమస్కారం చూసినప్పుడల్లా గుండెలో ముల్లు తిరగడం కూడా నిజమే.

244వ పగలు, నాలుగో రోజు

హైమ ఒక్కతే పూసి ఊరికి సరిపెట్టలేకపోతోంది. పదకొండు కాళ్లు వరసలో ఉన్నాయి. ఆమె పక్కన పెట్టిన కొత్తమ్మాయి చెయ్యి నిలవక మానేసింది. డాక్టరు గారు హైమనే అడిగారట, నన్ను మళ్లీ కూర్చోబెట్టుకుంటుందా అని.

“కూర్చోమనండి. నా కళ్లముందు పూయాలి. నేను చూసి సరేనన్నాకే మనిషికి వెయ్యాలి,” అందట.

ఈ పొద్దున వెళ్లాను. నా పాత కుర్చీ కాదు, పక్క కుర్చీ చూపించింది. పాడైన బెలూన్లు ఐదు ఇచ్చి పూయమంది. నేర్చుకునేవాళ్లకి నేనిచ్చేవాటిలాంటివే. మొదటిది పూశాను. భూతద్దం కింద పెట్టి చూసి చెత్తలో వేసింది. రెండోది పూశాను. చెత్తలో వేసింది. ఏం బాగాలేదో చెప్పలేదు. మూడోదీ అంతే. ఇరవై మూడేళ్ల పిల్ల నా ఇరవై ఏళ్ల పనితనాన్ని చెత్తబుట్టలో పడేస్తుంటే లేచి పోదామనిపించింది. ఏ మొహంతో పోను? నాలుగోది తీసుకున్నాను.

“ఆగండి,” అని నా మణికట్టు పట్టుకుంది.

ఎడం చేత్తో బెలూన్ గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతున్నాను. ఫ్యాక్టరీలో నేర్చినట్టే, గిరగిరా.

“ఎందుకంత జోరుగా తిప్పుతారు?”

“తిప్పకపోతే చుక్క జారి కిందికి దిగిపోదూ?”

“యాడికి దిగేది? ఇక్కడ వస్తువులు అంత తొందరగా దిగవుగా.”

భూతద్దం నావైపు జరిపింది. నేను పూసిన మూడోది దాని కింద పెట్టింది. రెండు కొసల దగ్గర మందు గట్టిగా మేటవేసింది. నడుమ పలచగా, అక్కడక్కడ ఉత్త చర్మంలాగా ఉంది. నాళం సన్నబడిన చోట గోడకి ఆనేది ఆ నడుమే. భూమ్మీద చుక్క జారకుండా ఉండాలంటే జోరుగా తిప్పాలి. ఇక్కడ ఆ జోరే మందుని కొసలకి నెట్టేస్తోంది. చంద్రుడి మీద ఉన్నా నా చెయ్యి ఇన్నేళ్లుగా కిందే పనిచేస్తోంది.

“నీకెవరు చెప్పారిది?” అన్నాను.

ఆమె భూతద్దం పక్కకి జరిపింది.

“ఎవరూ చెప్పలా. మీ దగ్గర నేర్చుకునేటప్పుడు మీ అంత జోరు నాకు రాలేదు. వేళ్లు తిరిగేవి కావు. చేతకానిదాన్నని ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. మీరు చూస్తే తీసేస్తారని, మీరు అటు తిరిగినప్పుడు నెమ్మదిగా తిప్పి పూర్తిచేసేదాన్ని. అది తప్పనే అనుకున్నా ఇన్నాళ్లూ. మీ చెయ్యి చూసి ఎంత కుళ్లుకునేదాన్నో నాకే తెలుసు.”



మణికట్టు వదల్లేదు ఆమె. రెండో చెయ్యి నా వేళ్ల మీద వేసి, తనే తిప్పడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదిగా అంటే, నాకు ఊపిరాడనట్టు ఉంది. జారిపోతుంది, ఇప్పుడు జారిపోతుంది అని ఒళ్లంతా బిగబట్టుకుని చుక్కనే చూస్తున్నాను.

జారలేదు. బెలూన్ చుట్టూ తెల్లగా, సమంగా పరుచుకుంది.